బడ్డీ లేని తరగతి గది

గోదావరి జిల్లాలకు సైన్యంలోకి కుర్రాళ్లను పంపడం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. ‘మిలటరీ ఆయన ఇల్లెక్కడ’ అని అడిగితే దారి చూపించే ఊళ్లు డెల్టాలో ఇంకా చాలా ఉన్నాయి. ఇంతమందిని సాగనంపిన ఈ నేల, తిరిగి వచ్చినవారిలో చదువుకోవాలనుకున్న వారికి కాలేజీలో తోడు చూపించడం మాత్రం ఇంకా నేర్చుకోలేదని మా అభిప్రాయం.

పదిహేను, పదిహేడేళ్లు సిపాయిగా పనిచేసి, నలభై నిండకుండానే పింఛనుతో ఇల్లు చేరిన ఒక మనిషి డిగ్రీలో చేరాడనుకుందాం. ఆయన ఇంటర్ చదివింది తెలుగు మాధ్యమంలో. రాష్ట్రంలో డిగ్రీ చదువు 2021-22 నుంచి ఇంగ్లిషు మాధ్యమానికి మారింది. 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానంలో ఏ సబ్జెక్టు ఎందుకు తీసుకోవాలో ఇంట్లో చెప్పేవారు లేరు. తనకంటే వయసులో చిన్నవాడైన లెక్చరర్, ఆయన్ను ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో తేల్చుకోలేక, అసలు పలకరించడమే మానేస్తాడు. ఇల్లు గడవడానికి రాత్రి రొయ్యల ప్లాంటు గేటు దగ్గర డ్యూటీ చేసి వచ్చినవాడు పొద్దున్నే హాజరు పలకాలి. సైన్యంలో జవానుకు బడ్డీ అని ఒకడుంటాడు. గస్తీలోనైనా గాయమైనప్పుడైనా ఒకరి మంచిచెడ్డలు ఒకరు చూసుకోవాలి. అలా బతికిన మనిషి ఇక్కడ చివరి బెంచీలో ఒంటరిగా కూర్చుంటాడు, ఎవరినీ ఏమీ అడగడు. సందేహం అడగడం చేతకానితనమనుకునే అలవాటు పటాలం నుంచి వెంట తెచ్చుకున్నదే. ఒకనాడు చెప్పకుండా మానేస్తాడు.

ఆయనకు అధ్యాపకుడి ఉపన్యాసం కంటే, అదే దారిలో ఒక ఏడాది ముందు నడిచిన మరో మాజీ సైనికుడి మాట ఎక్కువ పనికొస్తుంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం నడిపించిన ఒక కార్యక్రమం ఈ సూత్రం మీదే నిలిచింది. అప్పటికే చదువుతున్న మాజీ సైనికులకు శిక్షణ ఇచ్చి, కొత్తగా చేరిన వారికి వారే ముందుగా ఫోన్ చేసేలా ఏర్పాటు చేశారు. కొత్తవాడు వచ్చి సాయం అడిగే దాకా ఆగకపోవడమే అందులోని కిటుకు. మనసుకు తగిలిన గాయానికి వైద్యం చేయడం ఈ తోడు పని కాదు. గుర్తించి, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళితే చాలు.

మన దగ్గర మాజీ సైనికుల సంఘాలు లేవా అంటే ఉన్నాయి. పింఛను బకాయిలు, క్యాంటీన్ సరుకులు, ఆసుపత్రి కార్డుల మీద అవి గట్టిగానే పనిచేస్తాయి, కానీ సెమిస్టరు పరీక్షలు వాటి లెక్కలోకి రావు. కాలేజీల తీరు ఇంకోలా ఉంది. మాజీ సైనికుల పిల్లలకు కోటా ఉన్న సంగతి ప్రతి గుమాస్తాకూ తెలుసు, ఆ తండ్రే విద్యార్థిగా వస్తే ఏ గదికి పంపాలో మాత్రం తెలియదు.

ఇది ఇప్పుడే ఎందుకంటే, 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద ఆర్మీలో తొలి దళం శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్ల సేవ ముగిశాక సైన్యం గరిష్ఠంగా నాలుగో వంతు మందినే ఉంచుకుంటుంది. మిగిలినవారు, చాలామంది పాతికేళ్ల లోపే, పింఛను గానీ మాజీ సైనికుడన్న హోదా గానీ లేకుండా ఊళ్లకు వస్తారు. అగ్నివీరుల (ఈ పథకంలో చేరినవారి) కోసం ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రకటించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే వస్తాయి. తక్కిన సగం పుస్తకాలతో కుస్తీ పట్టి సంపాదించాల్సిందే. కాబట్టి కాలేజీల్లో పెట్టే ఏ తోడు బృందమైనా హోదా కాగితం అడగకుండా మాజీ సైనికులను, అగ్నివీరులను ఇద్దరినీ చేర్చుకోవాలి. పాత హవల్దారుకు కంప్యూటరు, కొత్త అగ్నివీరుకు ఓపిక ఒకరి దగ్గర ఒకరికి దొరుకుతాయని మా నమ్మకం.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఎన్‌సీసీ ఉన్న కాలేజీలో ఆ అధికారికే బాధ్యత అప్పగించవచ్చు. శనివారం సాయంత్రం ఒక గది తెరిచి ఉంచి, తోడుగా నిలిచిన సీనియరు వెచ్చించిన గంటలకు క్రెడిట్ ఇవ్వాలి. రాత్రి డ్యూటీ చేసేవారి హాజరు విషయంలో విశ్వవిద్యాలయాలు కొంత పట్టువిడుపు చూపాలి. అన్నిటికంటే ముందు, ప్రవేశ దరఖాస్తులో ‘మీరు సైన్యంలో పనిచేశారా’ అన్న ఒక గడి చేర్చి, అవునన్న వారి ఫోన్ నంబరు తరగతులు మొదలయ్యే లోపే ఆ సీనియరు చేతికి అందించాలి.