గెట్టుకాడి శిక్షాస్మృతి

2024 జులై 1న 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358కి తగ్గాయి. ఢిల్లీ పెద్దలు దీన్ని గొప్ప సంస్కరణ అన్నారు. నల్లగొండ జిల్లాలో దేవరకొండ రోడ్డు మీద ఏ చాయ్ హోటల్లోనైనా ఓ అరగంట కూర్చుని ఉంటే, అంతకన్నా గొప్ప సంస్కరణ ఇక్కడ ఎప్పుడో జరిగిపోయిందని వారికి తెలిసేది. మా శిక్షాస్మృతిలో అసలు సెక్షన్లే లేవు. అచ్చు లేదు, గెజిట్ లేదు, సవరణ లేదు. తీర్పు మాత్రం రెండో చాయ్ రాకముందే వస్తుంది.

సంహితకు చాదస్తం ఎక్కువ. ఒక మనిషిని నేరస్తుడు అనాలంటే వాడు ఫలానా పని చేశాడని, చేసేటప్పుడు మనసులో ఫలానా ఉద్దేశమో కనీసం ఎరుకో ఉందని, ఆ పని వల్లే ఈ నష్టం జరిగిందని అన్నీ రుజువు కావాలట. అదీ మనిషి మనిషికీ విడిగా. తండ్రి ఖాతాలోది కొడుకు ఖాతాలో వేయకూడదట. వ్యవసాయం పనుల మీద ఉన్నవాళ్లకు ఇంత తీరిక ఎక్కడిది? మా స్మృతిలో ఒకటే ప్రశ్న: "ఎవని కొడుకు?" దీనికి జవాబు దొరికితే మిగతావన్నీ వాటంతటవే రుజువైపోతాయి.

గెట్టు పంచాయితీనే తీసుకుందాం. ఇద్దరు పాలోళ్లు, అంటే దాయాదులు, నడుమ ఒక గెట్టు, అంటే పొలం గట్టు. వానాకాలం దుక్కిలో ఒకాయన ట్రాక్టరు జానెడు అవతలికి జరిగింది. రెండో ఆయన వచ్చి నిలదీశాడు. మొదటాయన పెద్దకొడుకు చేతిలో ఉన్న కట్టెతో ఒకటి వేశాడు. భుజం కమిలింది. జరిగింది ఇంతే. సంహిత లెక్కన ఇది 115(2)వ సెక్షన్: ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టకూడదు. ఇక జానెడు భూమి ఎవరిదన్నది మండల సర్వేయరు కొలిస్తే తేలుతుంది. కానీ సర్వేకు దరఖాస్తు పెట్టుకోవడం మా స్మృతిలో పిరికితనం కిందికి వస్తుంది.

కాబట్టి దెబ్బ తిన్నాయన్ని వెంటబెట్టుకుని నలుగురు జిరాక్స్ సెంటరుకు పోతారు. న్యాయశాస్త్రం అసలు ప్రాణం పోసుకునేది అక్కడే, టైపు కొట్టే పిలగాడి వేళ్ల కింద.

ముందు పేర్లు. కొట్టిన పెద్దకొడుకు ఏ1, అంటే మొదటి నిందితుడు. ట్రాక్టరు మీది నుంచి దిగని తండ్రి ఏ2. సద్ది తెచ్చిన తల్లి ఏ3. దుబాయ్‌లో డ్యూటీ చేస్తున్న చిన్నకొడుకు ఏ4. మిర్యాలగూడలో రెండు ప్లాట్లు ఉన్న సడ్డకుడు (తోడల్లుడు) ఏ5. ప్లాట్లు లేకుంటే ఆయన ఊసే వచ్చేది కాదు. లెక్క అయిదుకు తెగడం వెనుక శాస్త్రం ఉంది. 189వ సెక్షన్ కింద చట్టవిరుద్ధ గుంపు అనాలంటే అయిదుగురు ఉండాలి. అది కుదిరితే 190 అందరి మీదికీ వస్తుంది: గుంపు ఉమ్మడి లక్ష్యం కోసం ఒకరు చేసిన నేరానికి అందులో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే. ఏ4 ఆ పూట దుబాయ్‌లో ఉన్నాడని పాస్‌పోర్టు ముద్ర చెబుతుంది కదా అంటారేమో. చెబుతుంది, నిజమే. అది చెప్పుకోవడానికి వాడు సెలవు పెట్టుకుని రావాలి, వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి. మా స్మృతిలో శిక్ష అంటే అదే. తీర్పుతో పని లేదు.

తర్వాత ఆయుధం. ఉత్త కట్టె అంటే స్టేషన్లో పట్టించుకోరని గొడ్డలి రాయిస్తారు. 118(1) పడుతుంది, మూడేళ్ల దాకా పోతుంది, కాగ్నిజబుల్ కూడా. ఇంతలో ఒకరికి పన్ను గుర్తొస్తుంది. 116వ సెక్షన్ తీవ్ర గాయాలను ఎనిమిది రకాలుగా చెప్పింది. అందులో ఎముక గానీ పన్ను గానీ విరగడం ఒకటి. 117(2) కింద ఏడేళ్ల దాకా శిక్ష. రెండేళ్లుగా ఊగుతున్న దవడపన్నుకు ఇంత విలువ ఉందని ఆ పెద్దమనిషికి అప్పటిదాకా తెలియదు. పన్ను దొరక్కపోతే మంచం ఉంది. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు. అయిదు రోజులు కలిసొచ్చాయని ఆస్పత్రి మంచం మీద సంతోషపడేవారు ఒక్కటి మరిచిపోతుంటారు: మంచం మీద ఉన్నన్ని రోజులు కావు, నిజంగా పని చేసుకోలేని రోజులే లెక్కకు వస్తాయి.

చివరగా ఏ పిటిషనులోనైనా ఉండే వాక్యం ఒకటి ఉంది: "చంపుతామని బెదిరించినారు." ఈ మాట మా జిల్లాలో మేక మిరపతోటలో పడ్డా అంటారు, కొడుకు సెల్‌ఫోను వదలకున్నా అంటారు. 351 కింద నేరం కావాలంటే ఎదుటివాడిని భయపెట్టే ఉద్దేశం ఉండాలి, ఉత్త మాట చాలదు. ఆ వాక్యాన్ని ఇంకొంచెం సాగదీసి "చంపే ఉద్దేశంతో గొడ్డలితో తలపై" అని రాస్తే 109, హత్యాయత్నం. దెబ్బ తగిలి ఉంటే యావజ్జీవం దాకా పోవచ్చు. కమిలిన భుజం ఇంత ఎత్తుకు ఎదగడం వైద్యశాస్త్రంలో లేదు.

వైద్యం దగ్గరే ఈ మేడకు బీట పడుతుంది. డాక్టరు గాయాల సర్టిఫికెట్లో కొలత రాస్తాడు, రంగు రాస్తాడు, మొద్దు వస్తువు వల్ల అయిందని రాస్తాడు, సాధారణం అని ముగిస్తాడు. గొడ్డలి అయితే తెగాలి. కమలడం ఏమిటని డిఫెన్సు వకీలు ఒక్క ప్రశ్న వేసి కూర్చుంటాడు. ఆ కట్టెదెబ్బ నిజం. ఉన్నది ఉన్నట్టు రాస్తే నిలబడేది. గొడ్డలి అబద్ధమని తేలినాక కట్టెను నమ్మమని జడ్జీని అడగడానికి ముఖం చెల్లదు.

ఉమ్మడి బాధ్యత మాటకొస్తే చట్టం కూడా మరీ అమాయకంగా ఏమీ లేదు. కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టరును కాల్చి చంపిన కేసులో, నేను బయట నిలబడ్డానంతే అన్న బరేంద్రకుమార్ ఘోష్‌ను 1925లో అప్పటి అన్నిటికన్నా పై కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వదలలేదు. కాపలా నిలబడటం కూడా పనిలో పాలుపంచుకోవడమే అంది. ఇప్పుడు అదే 3(5)వ సెక్షన్. అయితే అక్కడ కావలసింది కలిసిన మనసులు. ఏ3 సద్దిగిన్నెతో నిలబడింది. ఆమెకూ పెద్దకొడుక్కూ కలిసిన ఉద్దేశం ఏదైనా ఉంటే అది అన్నం గురించే. పెద్ద గుంపు కేసుల్లో ఒక్కడి మాట మీద అందరినీ శిక్షించరాదు, ఇద్దరు ముగ్గురు సాక్షులన్నా ఒకే తీరుగా చెప్పాలి అని సుప్రీంకోర్టు 1964లోనే మసాల్తీ కేసులో జాగ్రత్త చెప్పింది. అందరూ అందరినీ కొట్టారని రాసిన పిటిషనులో ఎవరు ఎవరిని దేనితో ఎక్కడ కొట్టారో వెతుక్కోవాలి. దొరకదు. ఆ సందులోంచి ఏ1 కూడా బయటికి నడుస్తాడు. నలుగురు నిర్దోషులను తోడు ఇచ్చి పంపింది మనమే.

మా స్మృతిలో మినహాయింపులు కూడా ఉదారమైనవి. వయసు మొదటిది. సంహితలో ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు దాటి పన్నెండు లోపువాళ్లకు చేసిన పని ఎలాంటిదో తెలిసేంత బుద్ధి వచ్చిందా అని చూస్తారు. పద్దెనిమిది లోపువాళ్లు జువెనైల్ బోర్డుకు పోతారు. మా దగ్గర "పిలగాడు, ఆవేశంల చేసిండు" అనే మినహాయింపు ముప్పై అయిదేళ్లకూ వర్తిస్తుంది, ఓటుకు పనికొచ్చే కుటుంబమైతే ఇంకో పదేళ్లు పొడిగిస్తారు.

రెండోది మందు. "తాగి ఉండె పాపం, ఏం సోయి ఉంది?" దీనికి మించిన డిఫెన్సు భూమ్మీద లేదని మా నమ్మకం. సంహిత అడిగే ప్రశ్న వేరు: ఎవరు తాగించారు? నీకు తెలియకుండానో, నీ ఇష్టానికి వ్యతిరేకంగానో ఇంకొకరు తాగించి, అందువల్ల ఏం చేస్తున్నావో తెలియని స్థితి వస్తే 23వ సెక్షన్ కాపాడుతుంది. సొంత డబ్బుతో కొనుక్కుని, సోడా కలుపుకుని తాగినవాడికి 24వ సెక్షన్: సోయిలో ఉన్నవాడికి ఎంత ఎరుక ఉంటుందో వీడికీ అంతే ఉన్నట్టు లెక్క. బస్‌దేవ్ అనే రిటైర్డ్ మిలిటరీ జమాదారు ఒక పెళ్లి విందులో తాగి, తనకు చోటివ్వడానికి పక్కకు జరగలేదని ఒక కుర్రాడిని పిస్తోలుతో కాల్చాడు. మంచి చోటు ఏదో ఎంచుకునే సోయి ఉన్నవాడికి తుపాకీ సోయి లేదంటే ఎట్లా? 1956లో సుప్రీంకోర్టు హత్యానేరాన్నే ఖాయం చేసింది. ఈ తీర్పు ఇంకా మా హోటల్ దాకా రాలేదు.

మూడోది పందుల తీగ. దీని దగ్గర కాసేపు ఆగాలి. అచ్చంపేట నుంచి దేవరకొండ దాకా పల్లి, మక్క చేలను అడవిపందులు తవ్వి పోస్తున్నమాట నిజం. రాత్రికి రాత్రి ఎకరం పోతుంది. అందుకని కొందరు చేను చుట్టూ కర్రలు నాటి, మోకాలెత్తున ఇనుప తీగ లాగి, చీకటి పడ్డాక స్టార్టరు డబ్బా నుంచో కరెంటు లైను నుంచో ఆ తీగకు కరెంటు ఇస్తారు. తెల్లారకముందు తీసేస్తారు. ఒకరోజు మరిచిపోతారు, లేదా పక్కచేను రైతు నడిజామున మోటరు వేయడానికి అదే దారిన వస్తాడు. ఫ్యూజు తెగుతుందిలే అన్న ధీమా ఒకటి. ఫ్యూజు తెగాలంటే ఆంపియర్ల కొద్దీ కరెంటు కావాలి, మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదోవంతు సరిపోతుంది. మనిషి పోయినా ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది.

అప్పుడు వచ్చే మాట: "పందులకు పెట్టిన సారు, మనుషులకు గాదు." హోటల్లో అందరూ తలలూపుతారు. ఉద్దేశం లేదన్నది నిజమే, సంహిత కూడా ఒప్పుకుంటుంది. కానీ ఉద్దేశంతోనే అది ఆగిపోదు. దాని కింద ఎరుక అనే మెట్టు ఉంది, ఆ కింద నిర్లక్ష్యం. పందిని చంపే కరెంటు మనిషిని చంపుతుందని తెలియని రైతు ఉన్నాడా? తెలిసే పెట్టాడని కోర్టు అనుకుంటే 105 కింద పదేళ్ల దాకా, నిర్లక్ష్యమే అనుకుంటే 106 కింద అయిదేళ్ల దాకా. కరెంటు దొంగతనం, వన్యప్రాణి చట్టం కేసులు వేరే. నా చేనులోకి వాడెందుకు వచ్చాడు అనే వాదం కూడా పాతదే. బిహార్‌లో చెరుబిన్ గ్రెగరీ అనే ఆయన తన మరుగుదొడ్డిని పక్కింటివాళ్లు వాడుతున్నారని తీగకు కరెంటు పెడితే ఒక మహిళ చనిపోయింది. ఆస్తిని కాపాడుకున్నానన్నాడు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ఆ మనిషి ప్రాణానికి లెక్క లేకుండా పోదని 1960లలో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. బ్యాటరీతో నడిచే ఝట్కా మిషను అయితే సెకనుకో క్షణం కొట్టి వదిలేస్తుంది, పంది బెదురుతుంది, మామూలుగా ఎవరూ చావరు. దానికి డబ్బులు పెట్టాలి. లైను కరెంటు ఉచితం.

మొదట స్టేషన్ ఎక్కినవాడిదే న్యాయం అనే సూత్రం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకే గొడవ మీద ఎదుటి పక్షం కూడా కౌంటర్ కేసు పెట్టుకోవచ్చు. ఎవరిది ముందు అన్నదానితో నేరం తేలదు. అయినా స్టేషన్ మెట్ల దగ్గర రెండు ఆటోల పందెం ఆగదు.

ఇక ముగింపు. రెండేళ్లకు పాలోళ్లింట్లో పెళ్లి కుదురుతుంది, రాజీ మాట వస్తుంది. 115(2) అయితే దెబ్బ తిన్నాయనే రాజీ అవుతాడు, 117(2) అయితే కోర్టు అనుమతితో కుదురుతుంది, లోక్ అదాలత్‌లో ఒక్క పూట పని. కానీ జిరాక్స్ సెంటరులో దంచి రాయించిన 109 ఉంది చూశారా, అది కింది కోర్టులో రాజీకి లొంగదు. కేసు కొట్టేయమని హైకోర్టుకు పోవాలి. అక్కడ నిజంగా హత్యాయత్నమేనా, ఊరికే తగిలించిన సెక్షనా అని గాయం చూసి, ఆయుధం చూసి, దెబ్బ ఎక్కడ తగిలిందో చూసి తేలుస్తారు. దానికయ్యే ఖర్చుకు గెట్టు చుట్టూ రాతి కడీలు పాతించుకోవచ్చు. అందుకని తేలికైన దారి ఒకటి కనిపెట్టారు. సాక్షి బోనెక్కి "నాకేం తెల్వది సార్, తెల్లకాయితం మీద సంతకం పెట్టించుకున్రు" అంటాడు. ప్రభుత్వ వకీలు సాక్షి ఎదురు తిరిగాడని (హోస్టైల్) కోర్టుకు చెప్పి రెండు ప్రశ్నలు వేస్తాడు. ప్రమాణం చేసి అబద్ధం చెబితే 229 కింద ఏడేళ్ల దాకా పడుతుందన్న సంగతి ఇద్దరూ మర్యాదగా ఎత్తరు. అయిదుగురూ విడుదల. కట్టెతో కొట్టిన పెద్దకొడుకు, కట్టెను కంటితో చూడని సడ్డకుడు ఒకే కాగితం మీద నిర్దోషులు.

పిటిషను ఫైలు జిరాక్స్ సెంటరు కంప్యూటరులో అట్లనే ఉంది. వచ్చే దుక్కులకు తేదీ మారిస్తే చాలు. ఏ4 మాత్రం ఈసారి సౌదీకి మారాడట, ఆ ఒక్క ముక్క చూసుకోవాలి.