ద్రాక్ష రుచి అనకండి, పరువు పోతుంది

ఓక్ చెక్క పీపాలో మాగిన డ్రై (తీపి లేని) వైట్ వైన్‌ను అంచనా వేయడంలో నియమం ఒక్కటే. అందులో ద్రాక్ష రుచి వస్తోందని పొరపాటున కూడా అనకూడదు. నిమ్మ, పీచ్, తేనె, తడిసిన రాయి... నోటికొచ్చింది అనొచ్చు. సోవిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష వైన్‌లో పిల్లి మూత్రం వాసన ఉందన్నా ఎవరూ ముఖం చిట్లించరు. పైగా, ఆ వాసనకు కారణమైన గంధక సమ్మేళనం నిజంగానే అందులో ఉంటుంది కాబట్టి మీది మంచి ముక్కని మెచ్చుకుంటారు. ద్రాక్ష అనడం మోటుతనం, పిల్లి మూత్రం అనడం పాండిత్యం. అందని ద్రాక్ష పుల్లన అన్నది పాత సామెత. అందిన ద్రాక్ష వెనిల్లా.

ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గరి పెసాక్-లియోన్యాన్ తెల్ల వైన్‌నే తీసుకోండి. 1987లో గ్రావ్ ప్రాంతం నుంచి వేరుపడి సొంత పేరు సంపాదించుకుంది. చాలావరకు ఇది సోవిన్యోన్ బ్లాంక్, సెమియోన్ ద్రాక్షల మిశ్రమం. మొదటిది పులుపూ చురుకూ ఇస్తుంది, రెండోది నునుపూ నిండుతనమూ ఇస్తుంది. పాపం రెండూ ఎండలో పండి, నలిగి, పులిసి, 225 లీటర్ల ఓక్ పీపాలోకి చేరతాయి. అడుగున పేరుకున్న చచ్చిన ఈస్ట్ మడ్డిని అప్పుడప్పుడూ కలియబెడుతూ నెలల తరబడి మాగబెడతారు. ఇక అక్కడినుంచి సొమ్మొకడిది, సోకొకడిది. వెనిల్లా వాసన చెక్కలోని వెనిల్లిన్‌ది. కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్లది. లవంగం వాసన యూజినాల్‌ది, అదీ చెక్కదే. ఆ పొగ వాసనేమో పీపా లోపలి గోడలను కాల్చిన మంటది. గుటక వేసి, కళ్ళు మూసుకుని, 'ఆహా' అన్నప్పుడు మనం సగం మెచ్చుకుంటున్నది వడ్రంగాన్ని. న్యాయంగా అయితే లేబుల్ మీద ఓక్‌ను మూడో ద్రాక్ష రకంగా వేయాలి.

ఆ చెక్క కూడా ఆషామాషీది కాదు. ఫ్రాన్స్‌లోని ట్రోన్సే అడవిని 17వ శతాబ్దంలో కోల్బేర్ అనే మంత్రి నౌకాదళానికి కలప కావాలని శ్రద్ధగా కాపాడించాడు. యుద్ధనౌకలుగా మారాల్సిన చెట్ల జాతి ఇప్పుడు పీచ్ వాసనకు వెనిల్లా అద్దుతోంది. పీపా ఖర్చు భరించలేనివాళ్ళు వైన్‌లో ఓక్ ముక్కలు వేసుకోవచ్చని 2006లో యూరోపియన్ యూనియన్ దారి చూపింది. చెట్టులో వైన్ పోస్తే సంప్రదాయం, వైన్‌లో చెట్టు వేస్తే కక్కుర్తి. తేడా ముక్కుకు అందకపోయినా ముఖంలో కనిపించాలి.

ఇంత సూక్ష్మమైన విద్యను కొందరు ప్రయోగాల పేరుతో అల్లరిపాలు చేశారు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఒకే సెమియోన్-సోవిన్యోన్ తెల్ల వైన్‌ను రెండు గ్లాసుల్లో ఇచ్చారు. ఒకదాంట్లో మాత్రం వాసన లేని ఎర్ర రంగు కలిపారు. ఎర్రగా ఉన్నదాన్ని వాళ్ళు ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. అది రాసిన ముగ్గురిలో డెనిస్ డ్యుబోర్డ్యూ ఒకరు. తెల్ల బోర్డో తయారీలో ఆయన మాటే వేదంగా ఉండేది. ఇంటిగుట్టు లంకకు చేటన్నది ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండో అల్లరి కాలిఫోర్నియాలో జరిగింది. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను, చెప్పకుండా, మూడుసార్లు ఇప్పించాడు. వందకు వేసే ఆ మార్కులు ఒకే వైన్‌కు అటూ ఇటూ నాలుగేసి మారాయి. నిలకడగా మార్కులేసినవాళ్ళు పదిమందిలో ఒకరు. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాక జనం నిపుణుల్ని ఎగతాళి చేశారు, ఎంత అన్యాయం! 86 వేసింది నిమ్మకు, 90 వేసింది వెనిల్లాకు, 94 వేసింది పొగకు. ద్రాక్షకు ఎవరైనా ఒక్క మార్కు వేశారేమో చూపించమనండి.