వేషం కట్టినవాడు విశ్వాసి అయి తీరాలా?

1979 నవంబర్ 9న బీబీసీలో జరిగిన ఒక చర్చ గురించి పాత సినిమాల అభిమానులు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. యేసు కాలంలోనే పుట్టి, జనం రక్షకుడని పొరబడే బ్రయన్ అనే మనిషి మీద తీసిన హాస్యచిత్రం 'లైఫ్ ఆఫ్ బ్రయన్' దైవదూషణ అవునా, కాదా అన్నది ఆ రోజు అంశం. ఒకవైపు ఆ సినిమా తీసిన బ్రిటిష్ హాస్యబృందం మాంటీ పైథాన్ నుంచి జాన్ క్లీస్, మైకేల్ పాలిన్ కూర్చున్నారు. ఎదురుగా పేరున్న పాత్రికేయుడు మాల్కమ్ మగ్గరిడ్జ్, సదర్క్ బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్. చర్చ నడిపిన టిమ్ రైస్ స్వయంగా 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' సంగీత నాటకానికి పాటలు రాసినవాడు, అంటే ఇలాంటి నిందలు అంతకుముందే మోసినవాడు. హాస్యనటులిద్దరూ వాదనకు సిద్ధపడి వచ్చారు. పెద్దలిద్దరూ మాత్రం ఎత్తిపొడుపులతో సరిపెట్టారు. చివర్లో బిషప్, మీ ముప్పై వెండి నాణేలు మీకు దక్కుతాయిలే అన్నట్టు ఒక మాట విసిరి ముగించారు. ముప్పై వెండి నాణేలకు యేసును పట్టిచ్చిన యూదాతో ఎదుటివాళ్లను పోల్చడమే అది.

తర్వాత తేలిందేమిటంటే, ఆ పెద్దలిద్దరూ సినిమాకు ఆలస్యంగా వెళ్లారు. మొదటి పావుగంట చూడనే లేదు. యేసు వేరు, బ్రయన్ వేరు అని సినిమా స్పష్టంగా చూపించేది సరిగ్గా ఆ మొదటి భాగంలోనే. జ్ఞానులు ముందు పొరపాటున బ్రయన్ ఇంటికి వెళ్లి, తర్వాత అసలు పశువుల పాకకు వెళ్లేది అక్కడే. కొండమీద ప్రసంగం చేస్తున్న యేసును ఏ వెటకారమూ లేకుండా చూపించేదీ అక్కడే.

దీనికి ఇంకో తెరవెనుక సంగతి కలపాలి. పైథాన్ బృందం ట్యునీసియాలోని మొనాస్టిర్‌లో షూటింగ్ చేసినప్పుడు, ఇటలీ దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లీ 'జీసస్ ఆఫ్ నజరెత్' టీవీ ధారావాహిక కోసం కట్టించిన సెట్లలో కొన్నింటిని వాడుకుంది. భక్తి ధారావాహికకు నిలబెట్టిన గోడల మధ్యే ఆ హాస్యచిత్రం తయారైంది. ఈ సంగతి చెప్పి చాలామంది నవ్వి ఊరుకుంటారు. కానీ ఆ భక్తి ధారావాహిక మీద కూడా దైవదూషణ ముద్ర పడింది. యేసును మామూలు మనిషిలా, సౌమ్యుడిలా చూపిస్తానని జెఫిరెల్లీ ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. అది చాలు, 1977లో అమెరికాలో ప్రసారం కాకముందే నిరసనలు మొదలయ్యాయి. వాటికి ముందు నిలిచిన ఛాందస క్రైస్తవ బోధకుడు బాబ్ జోన్స్ కార్యక్రమాన్ని చూడకుండానే ఖండించాడు. ఉత్తరాలు వెల్లువెత్తడంతో స్పాన్సర్ జనరల్ మోటార్స్ తప్పుకుంది, ప్రాక్టర్ అండ్ గాంబుల్ ఆ స్థానంలోకి వచ్చింది. ప్రసారమయ్యాక అదే ధారావాహిక ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు ఏటేటా ఈస్టర్‌కు చూసుకునేదిగా మారిపోయింది.

పాత టీవీ, సినిమా కబుర్లు పోగేసేవాళ్లూ, నిష్కపటమైన విశ్వాసం అంటే ఏమిటని వాదించుకునేవాళ్లూ చాలాసార్లు ఒకరే. అందుకే ఈ కబుర్లు కబుర్లుగా మిగలవు, సాక్ష్యాలైపోతాయి. ఆ నటుడు చర్చికి వెళ్లేవాడట, కాబట్టి ఆ పాత్ర నిజమైనది. ఆ దర్శకుడు నాస్తికుడట, కాబట్టి ఆ సినిమా బూటకం. ఇలా తీర్పులు వెలువడుతుంటాయి. ఈ తీర్పు చెప్పే పద్ధతే తప్పని నా అభిప్రాయం. ఒక మనిషి నమ్మాడా లేదా అన్నదానికి సినిమా కబుర్లు సాక్ష్యం చెప్పలేవు. పని ముందున్నప్పుడు ఏం చేశాడు, దేన్ని వదులుకోనన్నాడు, ఆ పట్టుదలకు ఏం పణంగా పెట్టాడు అన్నవి మాత్రం చెప్పగలవు. మనకు దొరికే చిత్తశుద్ధి అక్కడే దొరుకుతుంది.

క్రైస్తవ సంఘం ఈ ప్రశ్నను సినిమా పుట్టకముందే ఎదుర్కొంది. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ కాలంలో క్రైస్తవుల మీద జరిగిన హింసలో కొందరు గురువులు ప్రాణభయంతో లేఖనాలను అధికారులకు అప్పగించేశారు. అలాంటివాళ్ల చేతుల మీదుగా జరిగిన బాప్తిస్మం లాంటి సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు అనే వర్గం పట్టుబట్టింది. బిషప్ అగస్టీన్ ఒప్పుకోలేదు. బాప్తిస్మం ఇచ్చే మనిషి ఎలాంటివాడైనా ఆ బాప్తిస్మం క్రీస్తుదే అన్నాడు. సంఘం ఆయన వైపే నిలబడింది. సినిమా సంస్కారం కాదు, నిజమే. కళాకారుడికి గురువుకున్న బాధ్యత ఉండదు. అయినా ఇచ్చేవాడి మనసు మురికిదైతే అందినది కూడా మురికిదే అనే వాదనను ఈ విశ్వాసమే పదహారు వందల ఏళ్ల కిందట తిరస్కరించిందని గుర్తుంచుకోవాలి. నటుడి వ్యక్తిగత జీవితం తవ్వి పాత్ర మీద తీర్పు చెప్పేవాళ్లు, తెలియకుండానే డొనాటిస్టుల పక్షాన వాదిస్తున్నారు.

ఇటలీ దర్శకుడు పియెర్ పావొలో పాసొలీని సంగతే చూడండి. మార్క్సిస్టు, నాస్తికుడు, స్వలింగ సంపర్కుడు. 1963లో ఒక లఘుచిత్రం మతాన్ని అవమానించిందని ఇటలీ కోర్టు ఆయనకు నాలుగు నెలల శిక్ష విధించింది. మరుసటి ఏడాదే ఆయన మత్తయి సువార్తను సినిమాగా తీశాడు. 1962లో అసీసీ వెళ్లినప్పుడు, పోప్ ఇరవై మూడో జాన్ అదే ఊరికి రావడంతో రోడ్లన్నీ నిండిపోయి, గదిలోనే ఉండిపోయి సువార్తలు చదవడం మొదలుపెట్టాడు. ఈ సంగతి అభిమానులందరికీ తెలుసు. నాకు దానికంటే ముఖ్యంగా కనిపించేది, ఆయన తనకు తాను పెట్టుకున్న హద్దు. సంభాషణలన్నీ సువార్త పాఠంలోంచే తీసుకున్నాడు. సొంత సిద్ధాంతం యేసు నోట పలికించడానికి ఆయనకు ఎంతైనా వీలుండేది, ఆ పని చేయలేదు. యేసు పాత్రకు ఎన్రిక్ ఇరసోకీ అనే స్పెయిన్ విద్యార్థిని తీసుకున్నాడు, అతనికి నటన కొత్త. కొడుకు సిలువ దగ్గర కుప్పకూలే ముసలి మరియగా తన కన్నతల్లి సుసన్నానే నిలబెట్టాడు. సినిమాను జాన్ పోప్ జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. సినిమా పుట్టి వందేళ్లయిన సందర్భంగా 1995లో వాటికన్ ఎంపిక చేసిన 45 చిత్రాల్లో ఇదొకటి. సిలువ దగ్గర తల్లి పడే వేదనకు తన తల్లి ముఖాన్ని అప్పగించిన మనిషిని పట్టుకుని, నీకు నమ్మకం లేదు కాబట్టి ఇది నకిలీ అని అనడానికి నాకు నోరు రాదు.

దీనికి ఎదురుగా హాలీవుడ్ నియమావళి ఉంది. 1930లో రాసుకున్న ఆ ప్రొడక్షన్ కోడ్‌ను 1934 నుంచి గట్టిగా అమలుచేశారు. రాసినవాళ్లలో జెసూట్లు అనే కాథలిక్ సమాజానికి చెందిన డేనియల్ లార్డ్ అనే గురువు ఒకరు. మతగురువులను హాస్యపాత్రలుగానో, దుర్మార్గులుగానో చూపించకూడదన్నది అందులో ఒక నిబంధన. ఆ కాలపు సినిమాల్లో ఫాదర్లు అందరూ అంత మంచివాళ్లుగా ఎందుకుంటారో అర్థం కావాలంటే ఇది తెలియాలి. తెర మీది గౌరవంలో ఎంత మనసులోంచి వచ్చింది, ఎంత నిబంధనలోంచి వచ్చింది అన్నది విడదీయడం కష్టం. 'ఆ రోజుల్లో హాలీవుడ్‌కు భక్తి ఉండేది' అని నిట్టూర్చేవాళ్లు ఈ సంగతిని దాటేస్తారు. 1944 నాటి 'గోయింగ్ మై వే'లో ముసలి కాథలిక్ ఫాదర్‌గా ఆస్కార్ గెలిచిన బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ నిజానికి డబ్లిన్ ప్రొటెస్టెంట్. ఆ ఒక్క పాత్రకే ఆయన ప్రధాన, సహాయ నటుల విభాగాలు రెండింట్లోనూ నామినేట్ అయ్యాడు. నిబంధన రాయించిన మంచితనాన్ని దాటి ఆ పాత్ర నిలబడిందంటే, అది ఆయన దానికి పోసిన ముసలితనపు మొండితనం, చిన్నపిల్లాడి అలక వల్లే.

ఇలాంటి కబుర్లలో నాకు బాగా ఇష్టమైనది హెచ్.బి. వార్నర్‌ది. 1927లో సెసిల్ బి. డెమిల్ 'ది కింగ్ ఆఫ్ కింగ్స్'లో యేసుగా వేసింది ఆయనే. పాత్ర పవిత్రతకు మచ్చ రాకూడదని డెమిల్ తీసుకున్న జాగ్రత్తలు ఇన్నీ అన్నీ కావు. పంతొమ్మిదేళ్ల తర్వాత అదే వార్నర్ 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో గవర్ అనే మందుల షాపు యజమాని అయ్యాడు. కొడుకు చనిపోయిన దుఃఖంలో తాగి, మందుకు బదులు విషం కలిపి, అది గమనించిన పనిపిల్లాడిని చెవిలోంచి రక్తం కారేలా కొడతాడు. తను చేసినది తెలిశాక ఆ పిల్లాడినే గుండెలకు హత్తుకుని ఏడుస్తాడు. పాపం, పశ్చాత్తాపం, క్షమాపణ గురించి ఆ రెండు నిమిషాలు చెప్పినంత యేసు పాత్రలోని ఆ తెల్లని అంగీ చెప్పలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక 1965 డిసెంబర్ 9న అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో వచ్చిన 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. అరగంట కార్టూన్. స్పాన్సర్ కోకాకోలా. కథేమో క్రిస్మస్ వ్యాపారమైపోయిందని బాధపడే పిల్లాడిది. ఆ పాత్రల సృష్టికర్త చార్లెస్ షుల్జ్ అందులో లైనస్ అనే పిల్లాడి చేత యేసు పుట్టుకను చెప్పే లూకా సువార్త రెండో అధ్యాయం చెప్పించాలన్నాడు. నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్ తటపటాయించారు. కార్టూన్‌లో బైబిల్ పాఠమా అని వాళ్ల భయం. మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారన్నాడు షుల్జ్. నవ్వుల ట్రాక్ వద్దన్నారు, పెద్దల గొంతుల బదులు పిల్లల గొంతులే పెట్టారు, విన్స్ గరాల్డీ జాజ్ సంగీతం పెట్టారు. చూసిన చానల్ అధికారులకు అది నచ్చలేదు, నెమ్మదిగా ఉందన్నారు. ప్రసారమైన రాత్రి టీవీ చూస్తున్న ఇళ్లలో దాదాపు సగం ఇళ్లు దాన్నే చూశాయి. ఎమ్మీ, పీబడీ అవార్డులు రెండూ వచ్చాయి.

లైనస్ ఎప్పుడూ వదలని దుప్పటిని 'భయపడకుడి' అనే దూత మాట దగ్గర వదిలేస్తాడు. ఈ వివరాన్ని ప్రతి డిసెంబర్‌లోనూ ఎవరో ఒకరు కనిపెట్టి సంతోషపడతారు, అందులో తప్పేమీ లేదు. అసలు వాదన దాని తర్వాత మొదలవుతుంది. యువకుడిగా చర్చ్ ఆఫ్ గాడ్‌లో చురుగ్గా ఉండి, తర్వాత మెథడిస్టు చర్చిలో సండే స్కూల్ చెప్పిన షుల్జ్, 1980లలో తనను తాను సెక్యులర్ హ్యూమనిస్టుగా, అంటే మతంతో పనిలేని మానవతావాదిగా చెప్పుకున్నాడు. అయితే లైనస్ మాటలు అబద్ధమైపోయాయా? కొందరు విశ్వాసులు ఆ మాటను కప్పిపుచ్చాలని చూస్తారు. కొందరు నాస్తికులు దాన్ని పట్టుకుని, ఆయన మొదటినుంచీ మనవాడే అంటారు. రెండు పక్షాలూ 1965 నాటి మనిషికి అన్యాయం చేస్తున్నాయి. ఆయన ఆ రోజు సొంత మిత్రుల భయాన్ని కాదని నిలబడ్డాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆలోచన ఎటు వెళ్లినా, అప్పుడు చేసిన పని తిరిగి చెరిగిపోదు. మనిషి విశ్వాసం జీవితాంతం ఒకేలా ఉంటేనే నిజమని లెక్క కడితే, యేసును ఎరుగనని బొంకిన శిష్యుడు పేతురు కూడా ఆ లెక్కలో ఫెయిలవుతాడు.

ముఖం చూసి చిత్తశుద్ధి కనిపెట్టగలమనే ధీమా కూడా ప్రమాదకరమే. టీవీ ఆ ధీమాను బాగా పెంచింది. 1988 ఫిబ్రవరిలో అమెరికా టీవీ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ కెమెరా ముందు కన్నీళ్లతో పాపం ఒప్పుకున్నాడు. కానీ 1991లో మళ్లీ అలాంటి ఆరోపణలోనే దొరికాడు. ఆ కన్నీళ్లు నటన అని నేననను, అవి ఆ క్షణంలో నిజమే అయ్యుండొచ్చు. మాల్కమ్ మగ్గరిడ్జ్ కూడా నిజాయితీపరుడే. మదర్ థెరిసా మీద 1969లో బీబీసీకి చేసిన కార్యక్రమంలో, చీకటి గదిలో తీసిన దృశ్యాలు వెలుగుతో కనిపిస్తే అది దైవకాంతి అన్నాడు. కెమెరామన్ మాత్రం కొత్తగా వచ్చిన కొడాక్ ఫిల్మ్ మహిమ అన్నాడు. మగ్గరిడ్జ్ అబద్ధం చెప్పలేదు, తను చూసినది అదేనని మనసారా నమ్మాడు. అంత నిజాయితీ ఉన్న మనిషే పదేళ్ల తర్వాత సినిమాలో పావుగంట వదిలేసి మిగతాదాని మీద తీర్పు చెప్పాడు. మనసారా నమ్మడానికీ, ఓపిగ్గా చూడడానికీ మధ్య ఇంత దూరం ఉండగలదు.

అమెరికాలో పిల్లల టీవీ కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ ఈ వాదనలన్నింటికీ కష్టమైన ఉదాహరణ. 1963లో ప్రెస్బిటీరియన్ సంఘం ఆయన్ను పాస్టర్‌గా అభిషేకించి, టీవీ ద్వారా పిల్లలకు సేవ చేయడమే నీ పని అని అప్పగించింది. ఆ కార్యక్రమంలో ఆయన ఎప్పుడూ మతబోధ చేయలేదు. 1969లో ఒక ఎపిసోడ్‌లో, పోలీసు పాత్ర వేసే నల్లజాతి గాయకుడు ఫ్రాంస్వా క్లెమన్స్‌ను పిలిచి, నీళ్లు పోసిన చిన్న ప్లాస్టిక్ తొట్టెలో తనతోపాటు కాళ్లు పెట్టమన్నాడు. అమెరికాలో నల్లవాళ్లను ఈతకొలనుల నుంచి తరిమేసిన జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. 1993లో మళ్లీ అదే దృశ్యం చేసినప్పుడు రోజర్స్ క్లెమన్స్ పాదాలను తువ్వాలుతో తుడిచాడు. యేసు శిష్యుల పాదాలు కడిగి తుడిచే యోహాను సువార్త పదమూడో అధ్యాయం చదివినవాళ్లకు వివరించనక్కర్లేదు.

అదే రోజర్స్, క్లెమన్స్ స్వలింగ సంపర్కుడని తెలిశాక, అది బయటపడితే కార్యక్రమంలో కొనసాగలేవని చెప్పాడు. ఆ మాట ఎంత నొప్పించిందో, తర్వాత రోజర్స్ తనను ఎంత ప్రేమించాడో, తండ్రిలాంటివాడు ఎలా అయ్యాడో క్లెమన్స్ తానే చెప్పుకొచ్చాడు. రోజర్స్‌ను పరిశుద్ధుడిగా నిలబెట్టాలనుకునేవాళ్లు మొదటి సగాన్ని వదిలేస్తున్నారు. ముసుగు తీస్తామనేవాళ్లు రెండో సగాన్ని వదిలేస్తున్నారు. క్లెమన్స్ మాత్రం రెండింటినీ కలిపే చెప్పాడు. ఆ తొట్టె కథ ఎవరు చెప్పినా, ఆయన చెప్పినట్టే పూర్తిగా చెప్పాలని కోరుతున్నాను.