మ్యుటేషన్ కనిపించలేదంటే లేనట్టేనా?

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ వ్యాధికి కారణం డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారడం, అంటే ఒక మ్యుటేషన్. హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ పడుతుంది. దాంతో ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చి చేరుతుంది. ప్రొటీన్‌లో ఈ తేడాను శాస్త్రవేత్త వెర్నన్ ఇంగ్రామ్ 1950ల్లోనే పట్టుకున్నారు. అయితే పుట్టబోయే బిడ్డలో దాన్ని కనిపెట్టడం వేరే సంగతి. హిమోగ్లోబిన్‌ను పరీక్షించాలంటే పిండం నుంచి రక్తం తీయాలి, తీస్తే గర్భం నిలవకపోయే ప్రమాదం ఉంది. ఈ చిక్కును విప్పిన వ్యక్తి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యువెట్ వై కాన్. హిమోగ్లోబిన్ తయారయ్యేది ఎర్ర రక్తకణాల వరసలోనే అయినా, దాని జన్యువు చర్మ కణంలోనూ ఉంటుంది. అలాంటప్పుడు రక్తం దేనికి, ఉమ్మనీటిలో తేలే కణాలు చాలవా?

1978లో కాన్, ఆండ్రీ డోజీ కలిసి చేసిన పని ఇది. డీఎన్ఏను నిర్ణీత అక్షరాల వరస ఉన్నచోటే కోసే హెచ్‌పీఏ 1 అనే ఎంజైమ్‌తో కత్తిరించి, ముక్కలను జెల్‌లో పొడవును బట్టి వేరు చేసి, పొరమీదికి ఎక్కించి, రేడియోధార్మిక ప్రోబ్‌తో (కావలసిన వరసకు మాత్రమే అతుక్కునే డీఎన్ఏ తునకతో) బీటా గ్లోబిన్ ముక్క ఎక్కడుందో చూశారు. మామూలుగా అది 7.6 కిలోబేస్‌లు ఉంటుంది (ఒక కిలోబేస్ అంటే వెయ్యి అక్షరాలు). వాళ్లు పరీక్షించిన సికిల్ జన్యువుల్లో మాత్రం ఎక్కువగా 13 కిలోబేస్‌ల ముక్క కనిపించింది. ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ ఎంజైమ్ మ్యుటేషన్‌ను చూడటం లేదు. జన్యువు అవతల కొన్ని వేల అక్షరాల దూరంలో ఉన్న ఇంకో తేడాను చూస్తోంది. ఆ రెండూ ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కన వారసత్వంగా వస్తున్నాయి కాబట్టి ఒకటి రెండోదానికి గుర్తుగా పనికొచ్చింది, అంతే. మరికొన్ని ప్రాంతాల రోగుల్లో అదే సికిల్ జన్యువు 7.6 ముక్క మీదే బయటపడింది. అందుకే ముందుగా కుటుంబంలో ఏ ముక్క వ్యాధితో నడుస్తోందో తేల్చుకోకుండా పిండాన్ని పరీక్షించడం గుడ్డిలెక్కే.

1982 నాటికి సూటి పరీక్ష వచ్చింది. ఎమ్ఎస్‌టీ 2 అనే ఎంజైమ్ సీసీటీ, తర్వాత ఏదైనా ఒక అక్షరం, ఆపై ఏజీజీ ఉన్నచోట కోస్తుంది. మామూలు జన్యువులో ఆ వరస సీసీటీజీఏజీజీ కాబట్టి కోత పడుతుంది, 1.15 కిలోబేస్‌ల ముక్క వస్తుంది. సికిల్ జన్యువులో అది సీసీటీజీటీజీజీగా మారుతుంది, కోత పడదు, ముక్క 1.35 దగ్గర నిలుస్తుంది. ఇకనేం, నేరుగా మ్యుటేషన్‌నే చూస్తున్నాం అనిపిస్తుంది.

కానీ అదే జీఏజీ ఏఏజీగా మారితే వచ్చేది హిమోగ్లోబిన్ సి. అప్పుడు వరస సీసీటీఏఏజీజీ. మధ్యలో ఏ అక్షరమున్నా ఎంజైమ్‌కు పట్టదు కదా, కోసేస్తుంది. అంటే ఒక ప్రతిలో సికిల్, రెండో ప్రతిలో హిమోగ్లోబిన్ సి ఉన్న బిడ్డకు 1.35, 1.15 రెండు గీతలూ వస్తాయి. ఒక ప్రతిలోనే సికిల్ ఉండి రెండోది మామూలుగా ఉన్న క్యారియర్ బిడ్డకు వచ్చేవీ అవే. మొదటి బిడ్డకు కంటి రెటీనాను దెబ్బతీయగల వ్యాధి, రెండో బిడ్డకు ఏమీ లేదు. సికిల్‌తో పాటు, బీటా గ్లోబిన్ తక్కువగా తయారయ్యే బీటా థలసీమియా జన్యువు వచ్చినా చాలావరకు ఇదే తంతు. పరీక్ష తప్పు చేయలేదు, అడిగిన ప్రశ్నకు జవాబిచ్చింది. తల్లిదండ్రులిద్దరి హిమోగ్లోబిన్ రకాలూ ముందే తేల్చుకోవాలని పట్టుబట్టేది ఇందుకే.

ఎక్సోమ్ సీక్వెన్సింగ్ వచ్చాక ఈ బెడద తీరిందని చాలామంది అనుకుంటున్నారు. నా దృష్టిలో అది రూపం మార్చుకుంది. ఎక్సోమ్ అంటే ప్రొటీన్లకు సంబంధించిన భాగం, మొత్తం జన్యు సమాచారంలో 1–2 శాతం. యంత్రం డీఎన్ఏను చిన్న చిన్న తునకలుగా చదివి, నమూనా జీనోమ్ (పోలిక కోసం పెట్టుకున్న మనిషి డీఎన్ఏ పూర్తి వరస) మీద సరిపోల్చి పేరుస్తుంది. మెదడు కణాలు క్షీణించే హంటింగ్టన్ వ్యాధిలో సీఏజీ అనే మూడక్షరాలు 40 లేదా అంతకు మించి వరసగా పునరావృతమవుతాయి. మేధోవికాసం కుంటుపడే ఫ్రాజైల్ ఎక్స్‌లో సీజీజీ పునరావృతం 200 దాటుతుంది. అంత పొడవైన ఒకే రకం వరసను చిన్న తునకలతో కొలవడం నమ్మదగ్గ పని కాదు. వెన్నెముక కండర క్షీణత వ్యాధిలో ఎస్ఎమ్ఎన్ 1 జన్యువు పోతుంది. దాని పక్కనే దాదాపు అచ్చం అలాగే ఉండే ఎస్ఎమ్ఎన్ 2 ఉండటంతో ఏ తునక దేనిదో తేలదు. డుషేన్ కండర క్షీణతలో ఎక్కువమందికి జన్యువులో పెద్ద ముక్కలే ఎగిరిపోతాయి. అందుకే దానికి మొదట చేయాల్సింది ప్రతుల సంఖ్య లెక్కించే ఎమ్ఎల్‌పీఏ.

శాంపిల్ సంగతులూ ఉన్నాయి. ఎముక మజ్జ మార్పిడి జరిగిన మనిషి రక్తంలో దొరికేది దాత డీఎన్ఏ, అక్కడ చర్మ కణాలు తీసుకోవాలి. పిండం శాంపిల్‌లో తల్లి కణాలు కలిశాయేమో విడిగా సరిచూడాలి.

ఇక మార్పు దొరికినప్పుడు కథ ఇంకా చిక్కనవుతుంది. ప్రతి మనిషిలోనూ నమూనా జీనోమ్‌తో పోలిస్తే 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలుంటాయి. వాటిలో దోషి ఏది? మొదటి జల్లెడ లెక్కే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి వస్తేనే వచ్చే ఒక వ్యాధి 40,000 మందిలో ఒకరికి ఉందనుకుందాం. అప్పుడు ఆ జన్యువులోని చెడ్డ ప్రతులన్నీ కలిపినా 200లో ఒకటికి మించవు, అంటే అర శాతం. జనాభాలో 3 శాతం ప్రతుల్లో కనిపించే మార్పును దానికి కారణమని రాస్తే, ఆ ఒక్క మార్పు వల్లే సుమారు 1,100 మందిలో ఒకరికి జబ్బు రావాలి. ఈ చిన్న గుణకారం చేయకుండా పాత జర్నల్ వ్యాసాన్ని నమ్మి ముద్ర వేసిన మార్పులు తక్కువేమీ కాదు. రెండో జల్లెడ తల్లిదండ్రుల శాంపిళ్లు. ఒకే జన్యువులో రెండు చెడ్డ మార్పులు దొరికినా, రెండూ తల్లి నుంచి వచ్చిన ప్రతి మీదే ఉంటే తండ్రి ప్రతి క్షేమంగానే ఉన్నట్టు. బిడ్డ ఒక్కరి శాంపిల్‌తో ఇది తేల్చడం చాలాసార్లు కుదరదు. డబ్బు ఆదా అని ఒక్కరికే చేయించడం అంత లాభమైన బేరం కాదు.

2015 నాటి అమెరికన్ మార్గదర్శకాలు మార్పులను ఐదు తరగతులుగా విభజించాయి. మధ్యలో ఉండే ‘ప్రాముఖ్యం తేలనిది’ అన్న తరగతి మీద ఆధారపడి గర్భం గురించి, శస్త్రచికిత్స గురించి నిర్ణయాలు తీసుకోకూడదు. ఆ తరగతి శాశ్వతమూ కాదు. కొత్త కుటుంబాల సమాచారం చేరేకొద్దీ అటో ఇటో జరుగుతుంది. కాబట్టి ల్యాబ్ నుంచి పీడీఎఫ్ ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు. ముడి డేటా ఫైళ్లనూ అడిగి భద్రపరచుకోవాలి. ఒకటి రెండేళ్ల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వకుండానే అదే డేటాను తిరిగి విశ్లేషించవచ్చు. రిపోర్టు ఇచ్చేవాళ్లు కూడా ఏ పద్ధతి వాడారో, దానికి ఏ రకం మార్పులు చిక్కవో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాక, ‘నెగెటివ్’ అన్న మాట కిందనే రాయాలి.