అంగారకుడికీ మీ బీపీ గోలీకీ సంబంధం లేదు

"అంగారకుడి అయస్కాంత శక్తి పోయి ఒక్కరోజులో గ్రహం చచ్చిపోయింది. భూమి శక్తీ తగ్గుతోంది. ధ్రువాలు తారుమారై ఫోన్లు ఆగుతాయి, రక్తం గడ్డకడుతుంది. మ్యాగ్నెట్ కంకణం కట్టుకుంటే బీపీ గోలీలూ అక్కర్లేదు." మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్ నుంచి కిన్వట్ దాకా మన తెలుగువాళ్ల గ్రూపులన్నిట్లో ఇదే మెసేజ్. చెప్పినా వినకుండా మళ్లీ మళ్లీ పంపుతున్నారు.

ఒక్కరోజన్నది శుద్ధ అబద్ధం. అంగారకుడి దక్షిణాన ఉన్న పాత రాళ్లలో అయస్కాంతత్వం ఇంకా మిగిలే ఉంది. 1997లో అక్కడికి చేరిన నాసా అంతరిక్ష నౌక మార్స్ గ్లోబల్ సర్వేయర్ దాన్ని కొలిచింది. గ్రహం మొత్తానికీ ఉన్న అయస్కాంత క్షేత్రం ఆగిపోయి 350 కోట్ల ఏళ్ల పైమాటే. అంగారకుడి గాలి చాలావరకు పోయిన మాట నిజమే, కానీ దానికి క్షేత్రం ఆగిపోవడమొక్కటే కారణమా? శుక్రుడికీ సొంత క్షేత్రం లేదు, అయినా అక్కడి వాతావరణ పీడనం మనకన్నా 90 రెట్లు. అంగారకుడు చిన్న గ్రహం, గాలిని పట్టి ఉంచే ఆకర్షణ తక్కువ.

భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారు కావడం నిజమే. చివరిసారి అయింది దాదాపు 7.8 లక్షల ఏళ్ల క్రితం, అదీ వేల ఏళ్లు పట్టి. ఇంకా పాత సాక్ష్యం మన నాందేడ్ జిల్లా నల్లరాయే. ఆ రాయిగా మారిన దక్కన్ లావా 6.6 కోట్ల ఏళ్ల క్రితం చల్లారుతుంటే అందులోని సన్నని ఇనుప ఖనిజపు రేణువులు ఆనాటి క్షేత్రం దిక్కుకే తిరిగి అలాగే బిగుసుకుపోయాయి. దక్కన్ పొరల్లో చాలావాటిలో ఆ దిక్కు ఇప్పటి దిక్కుకు తలకిందులు.

క్షేత్రం తగ్గుతోందన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. రెండు వందల ఏళ్లలో సుమారు 9 శాతం తగ్గింది. క్షేత్రం బలహీనంగా ఉన్న దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోయే ఉపగ్రహాలకు ఇబ్బందీ ఉంది. దాంతో మీ చేతిలో ఫోన్ ఆగదు.

నాకు ఒళ్లు మండేది కంకణం దగ్గర. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి అతుక్కోదు. ఎంఆర్ఐ మెషిన్‌లోని అయస్కాంతం బలం మామూలుగా 1.5 టెస్లా, భూమి క్షేత్రానికి ముప్పై వేల రెట్లు. అందులో అరగంట పడుకుని లేచినవాళ్లలో ఎవరి రక్తం గడ్డకట్టింది? ఎవరి బీపీ నయమైంది? పేస్‌మేకర్ ఉన్నవాళ్లకైతే బలమైన అయస్కాంతం దగ్గరికి రావడమే ప్రమాదం.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఇది నమ్మి గోలీల షీటు బియ్యం డబ్బా వెనక పడేసింది. కళ్లు తిరిగి వాకిట్లో పడితే దవాఖానలో చూశారు, పై బీపీ రెండు వందలు దాటింది. చేతికి కంకణం అలాగే ఉంది. మెసేజ్ పంపింది సొంత మేనల్లుడు.

మీరూ ఈ మెసేజ్ ఇంట్లో పెద్దవాళ్లకు పంపి ఉంటే ఇవాళే వాళ్లకు ఫోన్ చేసి గోలీలు వేసుకుంటున్నారా అని అడగండి.