రాక్ కచేరీలో రాజకీయం ఉండవచ్చు, కానీ మైకు దగ్గరే ఆగిపోకూడదు

రాక్ కచేరీలకు వెళ్ళివచ్చినవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. అంత డబ్బు పోసి టికెట్ కొన్నది పాటలు వినడానికే గానీ, ఏ యుద్ధం న్యాయమైనదో, ఎవరికి ఓటు వేయాలో గాయకుడి చేత చెప్పించుకోవడానికి కాదు కదా అని వారు అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. ఉపన్యాసం నచ్చనివాడు లేచి వెళ్ళిపోవచ్చు. కానీ తాను ఎదురుచూస్తున్న పాట ఆ వెంటనే వస్తుందేమోనన్న ఆశ అతణ్ణి కదలనివ్వదు. మైకు ఒక్కరి చేతిలోనే ఉంటుంది, ఎదుట ఉన్న వేలమందిలో ఎవరికీ బదులు చెప్పే వీలుండదు. ఈ అసమానతను ఒప్పుకుంటూనే, రాక్ బ్యాండ్లు తమ కచేరీల్లో రాజకీయ కార్యాచరణకు చోటు ఇవ్వవచ్చుననీ, ఒక విషయం మీద గట్టి నమ్మకం ఉన్న బ్యాండ్లు తప్పక ఇవ్వాలనీ నేను భావిస్తున్నాను. అయితే మైకులో చెప్పే మాట ఆ కార్యాచరణలో చాలా చిన్న భాగం. ఆ మాట చెప్పడానికి ముందు బ్యాండ్ ఏం చేసింది, చెప్పిన తరువాత శ్రోతకు చేయడానికి ఏం మిగిల్చింది అన్నదాన్ని బట్టే దాని విలువ తేలుతుంది.

రాజకీయాల జోలికి పోకుండా పాటలు పాడుకుంటే గొడవే ఉండదు కదా అనేవారికి 1984 అక్టోబరులో క్వీన్ బ్యాండ్‌కు ఎదురైన అనుభవాన్ని గుర్తు చేయాలి. దక్షిణాఫ్రికా మీద ఐక్యరాజ్యసమితి పిలుపుతో సాంస్కృతిక బహిష్కరణ అమలులో ఉన్న కాలమది. వర్ణవివక్ష ప్రభుత్వం తానే సృష్టించి ప్రత్యేక దేశమని చెప్పుకున్న బొఫుతట్స్వానాలోని సన్ సిటీ విహారకేంద్రంలో క్వీన్ వరుసగా కచేరీలు చేసింది. తాము వర్ణవివక్షకు వ్యతిరేకులమనీ, అక్కడి అభిమానుల కోసమే వెళ్ళామనీ వారు చెప్పుకున్నారు. వారి మనసులో ఏమున్నా, ఆ వేదిక మీద నిలబడడమే ఆ ప్రభుత్వానికి మర్యాద తెచ్చిపెట్టింది. బ్రిటన్ సంగీతకారుల సంఘం వారికి జరిమానా విధించింది. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదంతం ప్రాగ్ నగరానిది. ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ అనే చెక్ బ్యాండ్ ఏ పార్టీనీ విమర్శించే ఉద్దేశంతో పుట్టలేదు, తమకు నచ్చిన సంగీతాన్ని తమకు నచ్చినట్టు వాయించుకోవాలనుకుంది. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం మొదట వారి కచేరీల అనుమతిని రద్దు చేసింది, 1976లో అరెస్టులు చేసి విచారణ జరిపి జైలుశిక్షలు వేయించింది. ఆ విచారణ చూసి కదిలిపోయిన నాటకకర్త వాత్స్లావ్ హావెల్ వంటివారు కలిసి 1977 జనవరిలో చార్టర్ 77 అనే మానవహక్కుల ప్రకటనను వెలువరించారు. రాజకీయం వద్దనుకున్న బ్యాండ్ చుట్టూనే ఒక దేశపు అతి ముఖ్యమైన అసమ్మతి ఉద్యమం అల్లుకుంది. కాబట్టి కచేరీలో రాజకీయం ఉండాలా వద్దా అన్నది చాలాసార్లు బ్యాండ్ చేతిలో ఉండే నిర్ణయమే కాదు. ఎలా ఉండాలన్నది మాత్రం దాని చేతిలో ఉంటుంది.

ఆ ‘ఎలా’ అన్న ప్రశ్నకు ఒకే వ్యక్తి కోసం జరిగిన రెండు ప్రయత్నాలు మంచి పాఠాలు. జాన్ సింక్లెయిర్ అనే కవి, ఉద్యమకారుడు, రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చిన నేరానికి 1969లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సుమారు పదేళ్ళ శిక్షకు గురయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో ది హూ బ్యాండ్ కచేరీ మధ్యలో యాబీ హాఫ్‌మన్ అనే ఉద్యమకారుడు వేదిక ఎక్కి, మైకు అందుకుని, సింక్లెయిర్ జైల్లో మగ్గుతుంటే మీరంతా ఇక్కడ ఏం చేస్తున్నారన్న ధోరణిలో మాట్లాడబోయాడు. గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ అతణ్ణి వేదిక మీది నుంచి తరిమేశాడు. న్యాయం హాఫ్‌మన్ పక్షానే ఉంది, ఆ శిక్ష నిజంగానే అన్యాయం. అయినా ఆ ప్రయత్నం వల్ల ఒరిగింది ఏమీ లేదు, ఎందుకంటే అతడు ఆ వేదికనూ ఆ శ్రోతలనూ అడగకుండా లాక్కున్నాడు. రెండేళ్ళ తరువాత, 1971 డిసెంబరు 10న, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో సింక్లెయిర్ విడుదల కోరుతూ ఒక సభ జరిగింది. జాన్ లెనన్, యోకో ఓనో, స్టీవీ వండర్, బాబ్ సీగర్ అందులో పాల్గొన్నారు. దేనికోసం వస్తున్నామో తెలిసే సుమారు పదిహేనువేలమంది టికెట్లు కొనుక్కుని వచ్చారు. మూడు రోజుల్లో సింక్లెయిర్ బయటికి వచ్చాడు. ఇది పూర్తిగా పాటల మహిమ కాదు. గంజాయి నేరాలకు శిక్షలు తగ్గించే చట్టాన్ని రాష్ట్ర శాసనసభ సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమోదించింది, దాని వెనక న్యాయవాదుల, ఉద్యమకారుల రెండేళ్ళ శ్రమ ఉంది. కచేరీ ఆ శ్రమకు చివర్లో వచ్చి చేరిన బలం. నేను బ్యాండ్లను అడిగే మొదటి విషయం కూడా ఇదే: ఈ కచేరీ ఫలానా విషయం కోసం జరుగుతోందని టికెట్ అమ్మేటప్పుడే చెప్పండి, అప్పుడు మొదట చెప్పిన ఫిర్యాదులో సగం బలం పోతుంది.

మనవంటి వలసదారులు ఈ చర్చను దూరం నుంచి చూడలేరని చెప్పే ఉదంతం మరొకటి ఉంది. 1976 ఆగస్టులో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ కచేరీలో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ మద్యం మత్తులో, వలసలకు బద్ధశత్రువైన రాజకీయనాయకుడు ఇనాక్ పావెల్‌ను సమర్థిస్తూ, విదేశీయులు బ్రిటన్ విడిచిపోవాలన్న అర్థంలో నోరు పారేసుకున్నాడు. నల్లజాతి సంగీతకారుల నుంచి నేర్చుకున్న బ్లూస్‌తో పేరు తెచ్చుకున్నవాడు, అంతకు రెండేళ్ళ ముందే జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాటతో అమెరికాలో మొదటి స్థానానికి చేరినవాడు, అలా మాట్లాడడం చాలామందిని నిశ్చేష్టులను చేసింది. ఆ మాటలకు ఎంతో కాలం తరువాత ఆయన పశ్చాత్తాపం ప్రకటించాడు. కచేరీలో రాజకీయం ఉండాలనే నావంటివారు ఇక్కడ నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మైకులో మాట్లాడే స్వేచ్ఛ మనకు నచ్చిన మాటలకే పరిమితం కాదు. క్లాప్టన్ చేసినది కూడా వేదిక మీది రాజకీయమే. దానికి విరుగుడు వేదికల నోరు కట్టడంలో లేదు, మరో వేదిక కట్టడంలో ఉంది. అప్పుడు జరిగింది సరిగ్గా అదే.

ఫొటోగ్రాఫర్ రెడ్ సాండర్స్, ఆయన మిత్రులు కలిసి పత్రికలకు ఒక ఉత్తరం రాసి, జాతివివక్షకు వ్యతిరేకంగా రాక్ సంగీతకారులు కలిసి రావాలని పిలుపునిచ్చారు. అలా పుట్టిన ‘రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం’ వేదికల మీద ఉపన్యాసాల కన్నా వేదిక ఏర్పాటుకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చింది. నల్లజాతి రెగ్గే బ్యాండ్‌నూ తెల్లజాతి పంక్ బ్యాండ్‌నూ ఒకే రాత్రి, ఒకే వేదిక మీద పాడించడం దాని పద్ధతి. రెండు రకాల అభిమానులు పక్కపక్కన నిలబడి ఒకరి సంగీతాన్ని ఒకరు వినక తప్పేది కాదు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది. 1978 ఏప్రిల్ 30న వేలాదిమంది ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు దాకా నడిచి వెళ్ళి, ది క్లాష్, స్టీల్ పల్స్, ఎక్స్-రే స్పెక్స్, టామ్ రాబిన్సన్ బ్యాండ్ పాటలు విన్నారు. వలసదారుల మీద దాడులు జరుగుతున్న, వలసలను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ బలం పెంచుకోవాలని చూస్తున్న ప్రాంతాల గుండా ఆ నడక సాగింది. మరుసటి ఏడాది సాధారణ ఎన్నికల్లో ఆ పార్టీ చిత్తుగా ఓడింది. అందుకు ఇతర కారణాలూ ఉన్నాయి, ఆ ఓట్లలో కొన్ని మరో పెద్ద పార్టీ వైపు వెళ్ళిన మాటా నిజమే. అయినా మన దక్షిణాసియా కుటుంబాలు వీధిలోకి రావడానికి భయపడిన ఆ రోజుల్లో తెల్లజాతి యువకులు అన్ని వేలమంది తమ పక్షాన నడవడం ఆ కుటుంబాలకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో, పరాయి దేశంలో కాపురముంటున్న మనకు వేరే చెప్పనక్కరలేదు.

మంచి ఉద్దేశం ఉన్నా బెడిసికొట్టిన సందర్భాలను దాచిపెట్టకూడదు. 1993 వేసవిలో యూ2 బ్యాండ్ తమ ఐరోపా కచేరీల మధ్యలో, బోస్నియా యుద్ధంలో ముట్టడిలో ఉన్న సరయేవో నగరంలోని వారితో ఉపగ్రహం ద్వారా ప్రత్యక్షంగా మాట్లాడేది. వెలుగులు, భారీ తెరలు, కేరింతల నడుమ హఠాత్తుగా ఆకలితో, బాంబుల భయంతో ఉన్న మనుషుల ముఖాలు కనిపించేవి. లండన్ వెంబ్లీ స్టేడియంలో ఒక రాత్రి ఆ తెర మీద కనిపించిన మహిళలు, మీరు మీ వినోదంలోకి తిరిగి వెళ్ళిపోతారు, మమ్మల్ని మరిచిపోతారు అన్న అర్థం వచ్చేలా నిక్కచ్చిగా చెప్పారు. ఆ మాట తరువాత ఏ పాట ఎత్తుకున్నా ఎబ్బెట్టుగానే ఉంటుంది. కొద్ది వారాల్లోనే ఆ ప్రసారాలు ఆగిపోయాయి. ఆ స్టేడియంలోని శ్రోత చేతికి చేయగలిగిన పని ఏదీ అందలేదు, తన అసహాయత మాత్రమే అందింది. యుద్ధం ముగిశాక, 1997 సెప్టెంబరు 23న, అదే బ్యాండ్ సరయేవోలోని కోషెవో స్టేడియంలో కచేరీ చేసింది. సరయేవో ప్రజలను తెర మీద చూపించడం కన్నా, వాళ్ళ ఊరికి వెళ్ళి వాళ్ళ కోసం పాడడం ఎంతో గౌరవప్రదమైన పని అని నా అభిప్రాయం.

ముందుగా పని చేసినవారికి వేదిక మీద ఎక్కువ మాట్లాడవలసిన అవసరమే రాదు. ఆస్ట్రేలియాకు చెందిన మిడ్‌నైట్ ఆయిల్ 1986లో ఆదివాసీ సంగీతకారుల వరుంపి బ్యాండ్‌తో కలిసి మారుమూల ఆదివాసీ ప్రాంతాల్లో తిరిగి పాడింది. 2000 అక్టోబరు 1న సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో వారు ‘సారీ’ అన్న మాట అచ్చువేసిన నల్ల దుస్తులతో వేదిక ఎక్కి తమ పాట పాడి దిగిపోయారు. ఆదివాసీ కుటుంబాల నుంచి పిల్లలను ప్రభుత్వాలు బలవంతంగా ఎత్తుకుపోయినందుకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పడానికి నిరాకరిస్తూ వచ్చిన ప్రధాని జాన్ హవార్డ్ ప్రేక్షకుల్లోనే ఉన్నాడు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ ప్రభుత్వం పార్లమెంటులో ఆ క్షమాపణ చెప్పింది. ఆ బ్యాండ్ గాయకుడు పీటర్ గారెట్ అప్పటికి ఆ ప్రభుత్వంలో మంత్రి. ఏ పాటా లేకుండానే ఈ క్షమాపణ వచ్చి ఉండేదేమో, దాని కోసం పోరాడినవారు ఆదివాసీలు. కానీ ఆ రాత్రి ‘సారీ’ అనే అర్హత మిడ్‌నైట్ ఆయిల్‌కు లేదని అనగలిగినవారు తక్కువ.

కచేరీని నడిపే తీరులోనే రాజకీయం చూపించిన బ్యాండ్లంటే నాకు మరింత గౌరవం. వాషింగ్టన్ నగరపు ఫుగాజీ బ్యాండ్ చాలాకాలం టికెట్ ధర అయిదు డాలర్ల దగ్గరే ఉంచింది, అన్ని వయసులవారినీ రానిచ్చింది. వారి సంగీతం ఉద్ధృతమైనది, జనంలో తోపులాట సహజం. ఎవరైనా పక్కవారిని గాయపరచేలా ప్రవర్తిస్తే, ముఖ్యంగా చిన్నపిల్లలూ ఆడపిల్లలూ నలిగిపోతుంటే, వాళ్ళు పాట ఆపేవారు. మాట వినని మనిషిని పిలిచి, ముందే సిద్ధం చేసుకున్న కవరులోని అయిదు డాలర్లు చేతిలో పెట్టి బయటికి పంపేవారు. స్త్రీల భద్రత గురించి గంటసేపు మాట్లాడడం కన్నా ఆ కవరు ఎక్కువ పని చేసింది. పెర్ల్ జామ్ బ్యాండ్ 1994లో టికెట్ల వ్యాపారంలో టికెట్‌మాస్టర్ కంపెనీ గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసి, కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, తన సొంత పర్యటననే వదులుకుంది. మరుసటి ఏడాది న్యాయశాఖ ఆ విచారణను చర్య లేకుండానే మూసేసింది. అదే న్యాయశాఖ 2024లో అదే కంపెనీ మీదా, దాని మాతృసంస్థ మీదా దావా వేసింది. శ్రోత జేబుకు చిల్లు పెట్టే వ్యవస్థతో పోరాడడం కూడా శ్రోత పక్షాన చేసే రాజకీయమే.

శ్రోత భద్రత గురించి ఇంకొక మాట చెప్పాలి. కచేరీ ముగియగానే బ్యాండ్ విమానం ఎక్కి వెళ్ళిపోతుంది, విన్నవారు మాత్రం అక్కడే ఉంటారు. 1988 జులై 19న అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కమ్యూనిస్టు పాలనలోని తూర్పు బెర్లిన్‌లో పాడినప్పుడు, నిర్వాహకులు ఆయనకు చెప్పకుండా దాన్ని వామపక్ష పాలనలోని నికరాగువాకు సంఘీభావ కచేరీగా టికెట్ల మీద ముద్రించారు. ఆయన వేదిక మీద జర్మన్ భాషలో కొద్ది మాటలు మాట్లాడాడు. తాను ఏ ప్రభుత్వానికీ అనుకూలంగానో వ్యతిరేకంగానో రాలేదనీ, ఏదో ఒక రోజు అడ్డంకులన్నీ తొలగుతాయన్న ఆశతో పాడడానికి వచ్చాననీ చెప్పాడు. లక్షకు పైగా ఉన్న ఆ జనంలో ఎవరినీ చేయెత్తమని గానీ, నినాదం ఇమ్మని గానీ అడగలేదు. వీసా మీద చదువుకుంటున్న విద్యార్థి, పౌరసత్వం కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగి ఈనాటి ప్రతి కచేరీలోనూ ఉంటారు, చుట్టూ వేల ఫోన్ కెమెరాలు ఉంటాయి. వాళ్ళ ముఖాలను పెద్ద తెర మీద చూపిస్తూ మీరు ఏ పక్షమో చెప్పమని అడిగే హక్కు ఏ గాయకుడికీ లేదు. బయట వరండాలో ఒక బల్ల వేసి, ఓటరుగా నమోదయ్యే పత్రాలో, స్వచ్ఛంద సంస్థ కరపత్రాలో ఉంచితే, కావాలనుకున్నవారు ఆగుతారు, అక్కరలేనివారు దాటిపోతారు.

డబ్బు పోగుచేసే కచేరీలకు ఇంకో బాధ్యత కూడా ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్ కోరిక మీద జార్జ్ హారిసన్ ఏర్పాటు చేసిన బంగ్లాదేశ్ కచేరీ, శరణార్థుల కష్టాన్ని ప్రపంచానికి తెలియజేసింది. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు వెంటనే చేరాయి. రికార్డు, సినిమా మీద వచ్చిన అంతకన్నా చాలా పెద్ద మొత్తం మాత్రం పన్ను మినహాయింపు కోసం ముందుగా ఏర్పాట్లు చేసుకోకపోవడంతో ఏళ్ళ తరబడి చిక్కుల్లో పడింది. ఆకలితో ఉన్నవారు ఏళ్ళ తరబడి ఆగలేరు. అందుకే సహాయనిధి పేరు చెప్పి టికెట్లు అమ్మే ఏ బ్యాండ్ అయినా ఆ సొమ్ము ఏ సంస్థకు, ఏ గడువులోగా చేరుతుందో టికెట్ మీదే రాయాలి. చేరిన తరువాత ఎంత వచ్చింది, ఖర్చులకు ఎంత పోయింది, ఎంత ఇచ్చారన్న లెక్కను తన వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి.