అవసరానికి కనపడని లాగ్-3 గారికి

టి సెల్ అనే రోగనిరోధక కణం పైన కాపురముండే ప్రోటీన్, గౌరవనీయులైన లాగ్-3 గారికి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, ఎక్కడున్నారన్నదే తెలిసి చావట్లేదు.

మధ్యాహ్నమంతా ఫ్లో సైటోమీటర్ (సెల్ మీద ఏ ప్రోటీన్ ఎంతుందో లేజర్‌తో కొలిచే మెషిన్) ముందే గడిచిపోయిందండీ. టి సెల్స్‌ని యాంటీ-సీడీ3, యాంటీ-సీడీ28 అనే యాంటీబాడీలతో రెచ్చగొట్టి, మీరు నిండుగా పైకొచ్చారని మురిసిపోయి, ఎలాగూ వచ్చారు కదా సైటోకైన్లు (సెల్స్ మధ్య సందేశాలు మోసే ప్రోటీన్లు) కూడా చూద్దామని, సెల్‌ని ఇంకా గట్టిగా రెచ్చగొట్టే పీఎంఏ, అయొనోమైసిన్ పోశా. తీరా రన్ చేస్తే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ పీక్ కుడివైపుకి దూకింది (అంటే బాగా పెరిగింది), తమరి పీక్ మాత్రం పోయి ఐసోటైప్ కంట్రోల్ మీద, అంటే ఏమీ లేదని చెప్పే గీత మీద, పడుకుంది. యాంటీబాడీ చచ్చిందేమోనని కొత్త వయల్ తీశా, రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోకుండా చూసే కాంపెన్సేషన్ మళ్ళీ చేశా, ఏ పాపం తెలీని లేజర్ని నానా తిట్లు తిట్టా. చూస్తే తమరు సెల్ పైన మొదలంటా తెగిపోయి మీడియంలో ఈత కొడుతున్నారు. వాష్ చేయడమంటే సూపర్నాటెంట్ (సెల్స్ పైన తేలే ద్రవం) పారబోయడమే కదా, అంటే నా కళ్ళముందే సింకులోకి వెళ్ళిపోయారన్నమాట.

అసలు మీ ఉద్యోగం ఏంటండీ? బ్రేక్. వేరే సెల్స్ టి సెల్‌కి యాంటిజెన్ (శత్రువు ముక్క) చూపించడానికి వాడే ఎంహెచ్‌సీ క్లాస్ 2ని పట్టుకుని టి సెల్‌కి "ఇక చాల్లే" అని చెప్పడం. మీ జీన్‌కి 12వ క్రోమోజోమ్ మీద పక్కింటాయనైన సీడీ4 కన్నా గట్టిగా పట్టుకుంటారని పేరు కూడా. అంత పట్టున్న మనిషి, ఇన్‌ఫ్లమేషన్‌లో సిగ్నల్ గట్టిగా పడగానే ఏడీఏఎం17 అనే ఎంజైమ్ వచ్చి కోస్తుంటే కిక్కురుమనకుండా కోయించుకోవడమేనా? మామూలు రోజుల్లో ఏడీఏఎం10 అనే ఇంకో ఎంజైమ్ కొద్దికొద్దిగా కొరుకుతుంది, సరే, దానికి అలవాటుపడ్డాం.

మీ వాళ్ళూ, అంటే మిగతా బ్రేక్ ప్రోటీన్లూ, ఏం తక్కువ తినలేదు. సీటీఎల్‌ఏ-4 గారు ఎక్కువ టైం లోపల వెసికిల్స్ అనే చిన్న సంచుల్లోనే ముసుగు తన్ని ఉంటారు, పైకొచ్చినా నిమిషాల్లో మళ్ళీ లోపలికే. పీడీ-1 గారు సెల్ హుషారైనా పైకొస్తారు, అలిసిపోయినా పైకొస్తారు, ఏది ఏదో మనమే తేల్చుకోవాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల మీద సిర్ల్-1 ఐతే యాక్టివేషన్ అన్న మాట వినపడగానే జాగా ఖాళీ.

వాళ్ళని వదిలేద్దాం. నాకు కడుపు మండేది నీ దగ్గరే. (మర్యాద ఇక్కడితో అయిపోయింది, ఏమనుకోకు.) నిన్ను తెగకుండా మార్చి పెడితే టి సెల్ సరిగ్గా విభజన చెందదు, సైటోకైన్లూ వదలదు, అంటే సెల్లే ఇన్ఫెక్షన్‌తో పోరాడాలని కావాలని నిన్ను కోసి అవతల పడేస్తోంది, ఎంత కావాలంటే అంత కోసుకుంటోంది. తెలివైన ఏర్పాటే, కాదన్ను, ఒప్పుకోవడానికి మనసు రావట్లేదంతే. మరి అదే ట్యూమర్‌లో ఎడతెగకుండా యాంటిజెన్ చూసి చూసి డీలాపడ్డ సెల్ మీద మాత్రం తిష్ట వేసుకు కూర్చుంటావే? అక్కడ నీ నోరు మూయించడానికి రెలాట్లిమాబ్ అని మందే తయారుచేసి, పీడీ-1ని ఆపే నివోలుమాబ్‌తో కలిపి 2022లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి అమెరికా ఎఫ్‌డీఏ చేత ఒప్పించాల్సొచ్చింది. పొమ్మన్న చోట పోవు, ఉండమన్న చోట ఉండవు!

ఈసారి ఆ కోసే ఎంజైమ్‌లని ఆపే మెటలోప్రోటియేజ్ ఇన్హిబిటర్ పోసి ఒక ట్యూబు, పోయకుండా ఒక ట్యూబు. పైన ఒక స్టెయిన్, పర్మియబిలైజ్ చేసి (సెల్ పొరకి చిల్లులు పెట్టి) లోపల ఇంకోటి. సూపర్నాటెంట్ చుక్క కూడా వదలకుండా, ద్రవంలో ప్రోటీన్ కొలిచే ఎలైజా టెస్ట్‌కి. ఎటు పోతావో పో.